కష్టం కావలి అన్నదమ్ములది, పేరు మెకంజీ దొరది

ఇయ్యాల ముగ్గురు అన్నదమ్ముల కథ. మీరు ఆంధ్రా, రాయలసీమ ఊర్ల చరిత్ర గూగుల్ చేస్తే కైఫీయత్ అనే మాట ఎక్కడో ఒక చోట తగులుతది. పక్కనే మెకంజీ కైఫీయత్తులు అని ఉంటది. ఎవరీ మెకంజీ? స్కాట్లాండ్ దగ్గర లూయిస్ దీవిలో పుట్టిన కాలిన్ మెకంజీ, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజినీరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఒక విషయం మాత్రం చాలామందికి తెల్వదు. ఆయనకు మన భాషలు సరిగ్గా రావు. మరి తాటాకులు, శాసనాలు, ఊరి కథలు చదివిందెవరు?

ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి.

1796లో మెకంజీ శ్రీలంక నుంచి తిరిగొచ్చాక బొర్రయ్య పరిచయమయ్యాడు. అప్పటికి బొర్రయ్యకు ఇరవై ఏళ్లు. డిగ్రీ చదివే పిల్లగాడి వయసు. మైసూరు సర్వేలో దొర కొలతలు తీసుకుంటుంటే, బొర్రయ్య ఊర్లోకి పోయి కరణాలతో, పూజారులతో, పండితులతో మాట్లాడేటోడు. ఇది మాటలు చెప్పినంత సులువు కాదు. కంపెనీ మనిషి వచ్చి పాత కాగితాలు అడిగితే, పన్ను పెంచడానికే వచ్చిండని ఊరోళ్లు అనుకునేటోళ్లు. ముందు నమ్మకం సంపాదించాలె, తర్వాతే కాగితం చేతికొస్తది.

పాత కన్నడ లిపి చదవడం బొర్రయ్య పట్టు పట్టి సాధించాడు. జైన గురువు దగ్గర విని ఆయన అనువదించిన జైనుల వృత్తాంతం 1809లో ఏషియాటిక్ రీసెర్చెస్‌లో అచ్చయింది. అనువాదకుడిగా బొర్రయ్య పేరు కూడా వేశారు. కానీ చూసుకోవడానికి ఆయన లేడు. 1803లోనే చనిపోయాడు. ఇరవై ఆరేళ్లకు! నాకంటే చిన్నోడు.

తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ఎత్తుకున్నాడు. మనుషుల్ని ఊర్లకు పంపడం, వాళ్లు రాసిన రిపోర్టులు చదవడం, ఏది మిగిలిందో చూసి మళ్లీ పంపడం. మా ఐటీ భాషలో చెప్పాలంటే టీమ్ లీడ్. ఆ టీమ్ ఎంత పోగు చేసిందంటే, 1828లో విల్సన్ అచ్చేసిన కేటలాగ్ లెక్క ప్రకారం 1,568 గ్రంథాల ప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాలు. రైలు లేని, ఫోన్ లేని రోజుల్లో!

ఇక్కడ దొరకు ఇయ్యాల్సిన మర్యాద దొరకు ఇద్దాం. మెకంజీ ఈ పేర్లు దాచిపెట్టలేదు. భారతీయ విజ్ఞానంలోకి తనకు తొలి ద్వారం తెరిచింది బొర్రయ్యేనని 1817లో ఒక ఉత్తరంలో రాశాడు. 1816లో థామస్ హికీ గీసిన మెకంజీ చిత్రంలో కూడా ఆయన ఒక్కడే లేడు, భారతీయ సహాయకులతో కలిసి నిలబడ్డాడు. మనిషి గుర్తుపెట్టుకున్నాడు. మరి వ్యవస్థ?

1821లో మెకంజీ చనిపోయాడు. ఆయన సేకరణను కంపెనీ ప్రభుత్వం ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. మిగిలిన పని నేను పూర్తి చేస్తానని లక్ష్మయ్య అడిగాడు. ఏళ్ల తరబడి ఈ పని నడిపించిన మనిషి ఆయనే కదా! విషయం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దాకా పోయింది. అక్కడ జేమ్స్ ప్రిన్సెప్, అంటే అశోకుని బ్రాహ్మీ లిపిని చదివిన మహా పండితుడు, వద్దన్నాడు. లక్ష్మయ్య ఒక్కడే కాదు, ఏ భారతీయుడూ ఇంత పనికి సరిపోడు, సహాయకుడిగా అయితే పనికొస్తాడు అన్నది ఆయన మాట సారాంశం. ఆ కాగితాలు చివరికి మద్రాసులో విలియం టేలర్ అనే పాదరీ చేతికి పోయాయి.

మా ఇంజినీర్లకు ఇది ఎక్కడ తాకాలో అక్కడ తాకుతది. కోడ్ రాసింది ఒకరు, రిపో మీద పేరు ఇంకొకరిది. మెయింటెయినర్‌గా నన్ను పెట్టండి అంటే, నువ్వు బగ్స్ చూసుకో చాలు అన్నట్టు.

అయితే అన్నదమ్ములు అక్కడితో ఆగలేదు. లక్ష్మయ్య మద్రాసు హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. రామస్వామి సొంత పేరుతోనే ఇంగ్లీషులో పుస్తకాలు వేశాడు. 1829లో దక్కన్ కవుల జీవితాల మీద ఒకటి, 1836లో మన వంటల మీద పాకశాస్త్రం. అవును, వంటల పుస్తకమే! మన గురించి మనమే రాసుకుంటం, మీ అనుమతి అక్కర్లేదు అన్నట్టు అనిపిస్తది నాకు.

మరి మన కరీంనగర్, ఆదిలాబాద్ సంగతేంది? కైఫీయత్తులు ఎక్కువగా కంపెనీ పాలించిన జిల్లాలవి. మనది నిజాం ఇలాకా. కాబట్టి మన ఊర్ల కథలు ఆ కట్టల్లో అంతగా కనబడవు. అట్లని చరిత్ర లేదా? గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్టకు పోండి. సుమారు 945 నాటి శాసనం రాతి మీద ఉంది. చెక్కించింది జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. అందులోని తెలుగు కంద పద్యాలు నన్నయ కంటే దాదాపు వందేళ్ల ముందువి. పాత కన్నడం చదివే, జైనుల గురించి రాసే బొర్రయ్య లాంటోడు ఆ గుట్ట ఎక్కి ఉంటే ఎట్లుండేదో!

ఇప్పుడు మన జేబులో కెమెరా ఉంది. మీ ఊర్లో శాసనం గానీ, పాత బురుజు గానీ ఉంటే ఫొటో తీయండి. శాసనం మీద సున్నం, పసుపు పూయకండి, అక్షరాలు పాడైతయి. ఊరి కథ ఎవరైనా ముసలాయనో అవ్వో చెప్తే, వాళ్లను అడిగి, వీడియో కింద వాళ్ల పేరు కూడా రాయండి. ఛానల్ పేరొక్కటే కాదు. లక్ష్మయ్యకు దక్కనిది మనం వాళ్లకు ఇయ్యొచ్చు, దానికి ఒక్క లైన్ చాలు.

మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంట మరి.