విదేశంలో కొలువు, భిలాయ్‌లో ఇల్లు: ప్రవాసుల ఆదాయంపై టీడీఎస్ నిబంధనలు ఇవీ

భిలాయ్: విదేశంలో పనిచేస్తున్న వ్యక్తికి భారతదేశంలో అందే వడ్డీ, అద్దె, ఇంటి అమ్మకపు సొమ్ముపై పన్నును ముందుగానే మినహాయించి ప్రభుత్వానికి జమచేయవలసిన బాధ్యత ఆ సొమ్ము చెల్లించేవారిదే. బ్యాంకులు ఈ పనిని వాటంతట అవే చేస్తాయి. అద్దెకున్న కుటుంబానికి, ఇల్లు కొనే పొరుగువారికి మాత్రం తమపై ఇలాంటి బాధ్యత ఉన్నదన్న సంగతి చాలాసార్లు రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక గాని తెలియదు.

ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కు పట్టణంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. కర్మాగార నిర్మాణానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఖుర్సీపార్ వంటి బస్తీలలో, టౌన్‌షిప్ సెక్టార్లలో స్థిరపడ్డాయి. వారి మనుమలలో కొందరు ఇప్పుడు గల్ఫ్ కర్మాగారాలలో, అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఉన్నారు. తెలుగు రాష్ట్రాలవారికి భిలాయ్ తాతలు కూడా ప్రవాసాంధ్రులే. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మాత్రం తాత నూటికి నూరుపాళ్లు నివాసి, మస్కట్‌లో ఉన్న మనుమడు ప్రవాసి.

రోజుల లెక్కే ప్రమాణం

ఈ తేడాకు పాస్‌పోర్టుతో సంబంధం లేదు. పన్ను సంవత్సరంలో 182 రోజులు, అంతకుమించి భారతదేశంలో ఉన్నవారు నివాసులు. ఆ సంవత్సరంలో 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉన్నవారు కూడా నివాసులే. అయితే ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లిన సంవత్సరంలోను, విదేశంలో స్థిరపడి సెలవులకు వచ్చినప్పుడు భారత పౌరులకు ఆ 60 రోజుల గడువు 182 రోజులవుతుంది. ఇక్కడి ఆదాయం రూ.15 లక్షలు దాటినవారు సెలవులకు వస్తే మాత్రం గడువు 120 రోజులే.

గల్ఫ్ కార్మికులను 2020 బడ్జెట్ కొంత కలవరపెట్టింది. ఏ దేశంలోనూ పన్ను బాధ్యత లేని భారత పౌరుడిని భారత నివాసిగా పరిగణిస్తామన్న ప్రతిపాదనే అందుకు కారణం. తుది చట్టంలో ఆ నిబంధనను భారతదేశంలో రూ.15 లక్షలకు పైగా ఆదాయం ఉన్నవారికే పరిమితం చేశారు. వారికి కూడా విదేశంలో సంపాదించిన జీతంపై ఇక్కడ పన్ను పడదు. వెల్డర్లు, ఫిట్టర్లు దీనిని తలచుకొని దిగులుపడవలసిన అవసరం లేదు.

జీతం విషయానికి వస్తే, పని ఎక్కడ చేశారన్నదే ముఖ్యం. ప్రవాసి విదేశంలో చేసిన పనికి విదేశంలోనే అందుకున్న జీతంపై భారతదేశంలో పన్ను లేదు, టీడీఎస్ లేదు. ఆ తర్వాత ఇంటికి పంపినంత మాత్రాన అది ఇక్కడి ఆదాయం కాదు. చిక్కు వచ్చేది జీతం నేరుగా భారతదేశంలోని ఖాతాలో పడినప్పుడే, ఎందుకంటే ఇక్కడ అందుకున్న ఆదాయం కూడా పన్ను పరిధిలోకి వస్తుందని చట్టం చెబుతోంది. విదేశీ నౌకలపై పనిచేసే ప్రవాస నావికుల జీతం ఎన్ఆర్ఈ ఖాతాలో జమ అయినంత మాత్రాన పన్ను వేయరాదని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2017 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇచ్చింది. ఆ వెసులుబాటు నావికులను ఉద్దేశించినది. మిగిలినవారు జీతాన్ని ముందు విదేశీ ఖాతాలో తీసుకొని తర్వాత పంపుకోవడం మేలు. విదేశాలలో భారత ప్రభుత్వ కొలువు చేసే మన పౌరులకు ఈ సూత్రం వర్తించదు. వారి జీతంపై ఇక్కడే పన్ను ఉంటుంది.

ఇదే సూత్రం అటు నుంచి ఇటు కూడా నడిచింది. ప్రభుత్వాల మధ్య సాంకేతిక సహకార ఒప్పందాల కింద ఇక్కడికి వచ్చే విదేశీ నిపుణులకు వారి ప్రభుత్వం ఇచ్చే వేతనంపై 1961 చట్టం మినహాయింపు కల్పించింది. భారతదేశంలో వ్యాపారం లేని విదేశీ సంస్థ పంపిన ఉద్యోగి 90 రోజులకు మించకుండా ఇక్కడ పనిచేస్తే, కొన్ని షరతులకు లోబడి అతని జీతానికి కూడా మినహాయింపు ఉండేది.

వడ్డీపై 31.2 శాతం

విదేశానికి వెళ్లినవారు పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. దానిలోని వడ్డీపై బ్యాంకు 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం మినహాయిస్తుంది. నివాసుల డిపాజిట్లకు ఉన్నట్లు ఇంత మొత్తం వరకు కోత లేదన్న పరిమితి ఇక్కడ లేదు. 15జీ, 15హెచ్ వంటి స్వయం ప్రకటనలు ప్రవాసులకు చెల్లవు. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీపై మాత్రం పన్ను లేదు.

టీడీఎస్ తుది పన్ను కాదన్న సంగతి మరవరాదు. ఒక కార్మికునికి ఎన్ఆర్ఓ వడ్డీ ఏటా రూ.2 లక్షలు వస్తుందనుకుందాం. బ్యాంకు రూ.62,400 మినహాయిస్తుంది. భారతదేశంలో వేరే ఆదాయం లేకపోతే అది కొత్త విధానంలోని రూ.4 లక్షల ప్రాథమిక మినహాయింపు లోపలే కనుక అసలు పన్ను సున్నా. కానీ రిటర్ను దాఖలు చేస్తేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది. ఆదాయం పన్ను పరిమితి లోపే ఉన్నది కదా, రిటర్ను ఎందుకు అనుకునేవారే ఎక్కువగా నష్టపోతారు.

ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాలతో కోతనే తగ్గించుకోవచ్చు. సాధారణంగా డిపాజిట్ వడ్డీపై అమెరికా ఒప్పందంలో గరిష్ఠ రేటు 15 శాతం, యూఏఈ ఒప్పందంలో 12.5 శాతం. ఇందుకు ఆ దేశపు పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రాన్ని ఏటా బ్యాంకుకు సమర్పించాలి.

అద్దె విషయంలో కిరాయిదారుపై భారం పడుతుంది. యజమాని ప్రవాసి అయితే, అద్దె ఎంత తక్కువైనా, 31.2 శాతం మినహాయించి జమచేయాలి. అద్దెను ఇక్కడున్న తల్లి చేతికిచ్చినా, ఇల్లు కొడుకు పేరున ఉంటే నిబంధన మారదు.

ఇల్లు అమ్మితే

అసలు పెద్ద మొత్తాలు చిక్కుకునేది ఇక్కడే. టౌన్‌షిప్ క్వార్టర్లు కంపెనీవి కనుక ఈ చర్చ నెహ్రూనగర్ వంటి ప్రైవేటు కాలనీలలో సొంతంగా కట్టుకున్న ఇళ్ల గురించే. తండ్రి గతించాక ఇల్లు భిలాయ్‌లో ఉన్న అక్కకు, మస్కట్‌లో ఉన్న తమ్మునికి చెరిసగం వచ్చిందనుకుందాం. వారసత్వంగా రావడంపై పన్ను లేదు. దానిని రూ.60 లక్షలకు అమ్మితే, మొత్తం ధర రూ.50 లక్షలు దాటింది కనుక అక్క వాటా రూ.30 లక్షలపై కొనుగోలుదారు 1 శాతం, అంటే రూ.30,000 మినహాయిస్తే చాలు. తమ్ముని వాటాకు ఆ సెక్షనే వర్తించదు. దీర్ఘకాలిక మూలధన లాభంపై 12.5 శాతం, సెస్సుతో కలిపి 13 శాతం. మొత్తం వాటాపై లెక్కిస్తే రూ.3.90 లక్షలు. తండ్రి పెట్టిన ఖర్చులో తమ్ముని వాటా రూ.10 లక్షలైతే, అసలు లాభం రూ.20 లక్షలే. పన్ను రూ.2.60 లక్షలే. మిగిలిన రూ.1.30 లక్షలు రిటర్ను వేసి, రీఫండు వచ్చేదాకా ఖజానాలోనే ఉంటాయి.

లాభం ఎంతో కొనుగోలుదారు సొంతంగా తేల్చవచ్చా? ఈ ప్రశ్నపై కీలకమైన తీర్పు తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ట్రాన్స్‌మిషన్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో, చెల్లింపులో కొంత భాగమే పన్నుకు లోబడుతుందని భావించేవారు అధికారికి దరఖాస్తు చేసి ఆ భాగాన్ని నిర్ణయింపజేసుకోవాలని, లేదంటే మొత్తంపై కోత తప్పదని చెప్పింది. పూర్తిగా పన్నుకు లోబడని చెల్లింపులపై కోత అక్కర్లేదని జీఈ ఇండియా కేసులో 2010లో స్పష్టం చేసింది. ఇంటి అమ్మకానికి వర్తించేది మొదటి సూత్రమే. అందుకే అమ్మేవారు ఒప్పందానికి ముందే ఆన్‌లైన్‌లో తక్కువ కోత ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవాలి. సొమ్ము చేతులు మారాక వచ్చే ధ్రువపత్రం అక్కరకు రాదు.

అమ్మేవారు ప్రవాసి అన్న సంగతి అడగకుండా 1 శాతంతో సరిపెట్టిన కొనుగోలుదారు డిఫాల్టర్ అవుతారు. మినహాయించని పన్నుపై నెలకు 1 శాతం, మినహాయించి కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ పడుతుంది. మధ్యవర్తి మాటనో, విక్రయ పత్రంలోని భిలాయ్ చిరునామానో నమ్ముకోకుండా నివాస స్థితిపై రాతపూర్వక ప్రకటన తీసుకోవడం మంచిది. ప్రవాసి నుంచి ఇల్లు కొనేవారికి టాన్ నంబరు కూడా అవసరమయ్యేది. దాని బదులు పాన్ ఆధారిత చలానాతోనే కట్టే వీలు కల్పిస్తామని 2026-27 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. ఆ మార్పు అమలు తేదీకి ముందు జరిగే అమ్మకాలకు టాన్ తప్పదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది. ప్రవాసులకు చెల్లింపులపై ఇంతకాలం 195వ సెక్షన్‌గా పేరుపడ్డ నిబంధన ఇప్పుడు 393వ సెక్షన్‌లో కలిసింది. ఫారాల నంబర్లు మారినందున పాత నమూనాలను వాడరాదు.

తిరిగి వచ్చి స్థిరపడినవారు బ్యాంకుకు ఆ విషయం వెంటనే తెలియజేయాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఉన్న మినహాయింపు విదేశీ మారక చట్టం ప్రకారం నివాసి అయిన నాటితో ముగుస్తుంది. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవారిని కొంతకాలం ‘సాధారణ నివాసి కాని నివాసి’గా పరిగణిస్తారు. ఆ కాలంలో విదేశంలో ఉన్న పొదుపుపై వచ్చే ఆదాయానికి ఇక్కడ పన్ను ఉండదు.