పచ్చయప్ప వీలునామా, మన సంఘం అధ్యక్ష పదవి

మా బడి చదువంతా తమిళంలోనే. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించాలి. మన సర్వసభ్య సమావేశంలో కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోబోతున్నాం కదా, అందుకే ఈ ఊరి పాత కథ ఒకటి చెప్పాలనిపించింది.

ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో పెద్ద పెద్ద స్తంభాలతో ఉండే పచ్చయప్ప హాలును మీలో చాలామంది చూసే ఉంటారు. అది 1850 నాటిది. పచ్చయప్ప మొదలియారు కంపెనీ కాలపు దుబాసీ. 1794లో కన్నుమూసేముందు ఆస్తిని ధర్మకార్యాలకు వీలునామా రాశారు. ఆయన మనసులో లోటు లేదు, డబ్బుకూ లోటు లేదు. లోటల్లా ఒక్కటే, ఏటేటా కూర్చుని లెక్క అడిగే సభ లేదు. ఆస్తి తగవుల్లో పడింది. ధర్మం దశాబ్దాల తరబడి ఆగిపోయింది. చివరికి అడ్వకేట్ జనరల్ జార్జి నార్టన్ పట్టుదలతో వ్యవహారం సుప్రీంకోర్టులో తేలింది. ధర్మకర్తల సభ ఏర్పడింది. 1842లో బడి తెరిచారు. అప్పటికి ఆయన పోయి 48 ఏళ్లు!

ఆ తొలి ధర్మకర్తల్లో ప్రముఖులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల. ఈ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి, దారి పొడుగునా ఉత్తరాలు రాసింది ఈయనకే. వీరాస్వామయ్య 1836లో పోయారు. ఆ ఉత్తరాలను పోగొట్టకుండా 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించింది కూడా ఈయనే. పోయినవాళ్లు నమ్మి అప్పగించినదాన్ని కాపాడే గుణం అది. అధ్యక్షుడికి కావలసిందీ అదే అని మా అభిప్రాయం.

మా అనుభవం ఒకటి. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ధర్మసంస్థకు మేము కార్యదర్శిగా ఉన్నాం. అధ్యక్షులు బంగారంలాంటి మనిషి. డిపాజిట్ రసీదులు, పాస్‌బుక్కు అన్నీ ఆయన ఇంటి బీరువాలోనే. 'పెద్దాయనను ఎలా అడుగుతాం' అని మేము నోరు మెదపలేదు. ఆయన హఠాత్తుగా పోయారు. కాగితాలు చేతికొచ్చి, బ్యాంకులో సంతకాలు మారేసరికి నెలలు గడిచాయి. ఒక అమ్మాయికి కాలేజీ ఫీజు సమయానికి కట్టలేకపోయాం. ఎవరూ పైసా తినలేదు. అయినా ఆ అమ్మాయికి ఒక ఏడాది పోయింది. ఆ తప్పులో మా మౌనానికీ భాగం ఉంది.

రైల్వేలో గుమస్తా బదిలీ అయినా చార్జి లిస్టు రాసి, ఇద్దరూ సంతకం పెట్టందే కుర్చీ మారదు. స్కాలర్‌షిప్ నిధి ఉన్న మన సంఘానికి ఆపాటి పద్ధతి వద్దా?

అందుకే ఎవరు గెలిచినా మేము కోరేది ఇంతే. పాతవారు కొత్తవారికి రాతపూర్వకంగా చార్జి ఇవ్వాలి. బ్యాంకు పనికి ఇద్దరి సంతకాలు ఉండాలి. మీటింగు తీర్మానాలు అప్పటికప్పుడే మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. తమ బంధువుల పిల్లల దరఖాస్తు వస్తే ఆ సభ్యులు లేచి బయట కూర్చోవాలి. అధ్యక్షుడు ముందుగా తన అభిప్రాయం చెప్పకుండా, మాట్లాడనివాళ్లను పిలిచి మరీ అడగాలి.

లెక్క అడగడం అవమానం కాదు. పచ్చయప్పగారి ధర్మాన్ని నిలబెట్టింది అదే. సమావేశానికి అందరూ తప్పక రండి. వచ్చి అడగండి.