పెన్నలో కంప

మా చిన్నతనంలో హిందూపురం దగ్గర పెన్న ఇసుకలో చెలమ తవ్వితే నీళ్లు ఊరేవి. ఇప్పుడు ఏట్లోకి దిగాలంటే ముందు కొడవలి పట్టుకోవాలి. పరిగి వైపు, జయమంగళి ఏరు వచ్చి కలిసే చోటా అంతే. అంతా ఒకే ముళ్లచెట్టు. పుస్తకాల్లో దాని పేరు సర్కారు తుమ్మ, ఎల్ల దాటితే కన్నడం వాళ్లకు బళ్లారి జాలి. మాకు ఉత్త కంప.

ఇది మన నేల చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. దేశంలో మొదట నాటిన చోట్లలో మన సీమ ఊరే ఒకటి, కడప జిల్లా కమలాపురం. 1877, ధాత కరువు ఊళ్లను ఊడ్చేస్తున్న కాలం. వంటచెరకు దొరుకుతుందని, బీళ్లు పచ్చబడతాయని మద్రాసు అటవీశాఖ విత్తనాలు తెప్పించింది. ఆ మాట తప్పలేదు కూడా. ఎన్నో కరువుల్లో మా పొయ్యిలు మండింది కంపతోనే. బొగ్గు కాల్చి పిల్లల్ని సాకినవాళ్లున్నారు. అందుకే దీన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ వంకల్లో ఉండనివ్వలేను.

నల్లతుమ్మతో పొరబడకండి. దానికి పసుపు గుండు పూలు, పూసలదండ లాంటి కాయ. కంప పూత సన్నటి కంకిలా వేలాడుతుంది. కాయ లేతపసుపు, కొరికితే తీపి. గొర్రెలకు ప్రాణం. గుజ్జు అరుగుతుంది, గింజ అరగదు. పెంటికల్లో పడి తొలకరికి మొలుస్తుంది. మంద నడిచిన దారంతా, చెరువు గర్భమంతా అలా నిండిందే. దసరాకు మనం మొక్కే జమ్మి దీనికి దాయాది. రాజస్థాన్‌లో జమ్మి నీడన సజ్జ పండిస్తారు. కంప కింద గడ్డి మొలవడమే కష్టం.

చెరువు పనుల్లో దీన్ని పైపైన నరికి వదిలేస్తుంటే కడుపు మండుతుంది. మోడు నుంచి గుంపుగా పిలకలు లేస్తాయి, మరుసటేడు చూస్తే పొద ఇంకా దట్టం. మొదలు చుట్టూ జానెడుకు పైగా లోతు తవ్వి వేరుతో లాగాలి. ఖాళీ అయిన చోట వెంటనే కానుగో చింతో పెట్టాలి, లేకపోతే మళ్లీ అదే వస్తుంది.

అన్నిటికన్నా తేలిక మొలకప్పుడు పీకడం. మొన్న వాన తెరిపిచ్చాక మా గట్టు మీద ఒకటి పీకాను. పైన నాలుగు వేళ్లంత, కింద వేరు నా మోచేతి దాకా వచ్చింది. తడి ఆరేలోగా ఇంకో అరవై పీకాం, నేనూ మా మనవడూ.