మన గది అద్దె ఎవరు కట్టారు?

గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. రాజమండ్రిలో ఇల్లున్న వాళ్లకు ఈపాటికే ఫోన్లు మొదలై ఉంటాయి. ఏళ్ల తరబడి పలకరించని పెదనాన్నగారబ్బాయి కూడా పిల్లల చదువుల దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పుల దాకా ఆరా తీసి, చివర్లో అసలు సంగతికి వస్తాడు: "అన్నట్టు, మీ ఇంటికి ఘాట్ ఎంత దూరం?" చుట్టాలు లేనివాళ్లకు లాడ్జీలే గతి. పుష్కరాల పన్నెండు రోజులూ వాటి రేట్లు ఎలా ఉంటాయో 2015లో వెళ్లొచ్చిన వాళ్లనడిగితే చెబుతారు.

మరి లాడ్జీ అన్న మాటే లేని రోజుల్లో మనవాళ్లు కాశీ దాకా ఎలా వెళ్లొచ్చారు? రాత్రిళ్లు ఎక్కడ నడుం వాల్చారు? ఆ ఖర్చు ఎవరు భరించారు?

బాటల వెంట మర్రిచెట్లు నాటించానని, బావులు తవ్వించానని, విశ్రాంతి గృహాలు కట్టించానని అశోకుడు శాసనాల్లో చెప్పుకున్నాడు. అక్కణ్నుంచి పదిహేను వందల ఏళ్లు ఒక్క గెంతులో దాటేస్తే మల్కాపురం వస్తుంది. ఇప్పటి అమరావతి రాజధాని ప్రాంతంలోని ఊరది. రుద్రమదేవి కాలంలో, 1261లో, అక్కడ వేయించిన శాసనం చూస్తే ముచ్చటేస్తుంది. విశ్వేశ్వర శివాచార్యులు అక్కడ మఠం, బడి, ప్రసూతిశాల, వైద్యశాలతో పాటు అన్నసత్రమూ పెట్టించారు. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలన్నారు. దానికి ఆధారం దానంగా వచ్చిన మందడం గ్రామం. ఆ రాబడిలో ఏ వాటా దేనికో కూడా రాతి మీద చెక్కించారు. అంటే బాటసారి తిన్న ముద్దకు డబ్బు కట్టింది మందడం రైతు.

గోల్కొండ సుల్తానుల కాలంలో సరాయిలొచ్చాయి. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ బాటసారుల గదులు కట్టించారు. షేక్‌పేట సరాయిలో మనుషులకు గదులు, గుర్రాలకు కొట్టాలు ఉండేవి. వజ్రాల వర్తకులు నిద్రపోయిన ఆ గదుల్ని ఇవాళ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు కారు అద్దంలోంచి చూడొచ్చు.

బస గురించి కుదురుగా రాసిపెట్టిన మొదటి తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగం ఆయనది. 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట పల్లకీ, బోయీలు, డేరాలు, దాదాపు వందమంది పరివారం. దారిపొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లైకి రాసి పంపిన సంగతులు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, అన్నీ రాశాడు. ఇవాళ హోటళ్లకు చుక్కలిచ్చే రివ్యూ రాయుళ్లందరికీ ఆదిగురువు ఆయనే. కాకపోతే అప్పట్లో ప్రయాగ, గయ, పూరీ క్షేత్రాల్లో ఈస్టిండియా కంపెనీ వారు యాత్రికుల మీద పన్ను వసూలు చేసేవారు. దాన్ని ఎత్తేసింది 1840లో. పడకకు పైసా పోకపోయినా, మునకకు పన్ను తప్పలేదన్నమాట.

వీరాస్వామయ్యకు డేరాలున్నాయి. డేరా లేని మామూలు మనిషికి దిక్కు వీధి అరుగు. పెంకుటింటి ముందు, మనిషి కాళ్లు బారజాపుకునేంత వెడల్పున, పైన చూరు దిగి ఉండే అరుగు. చీకటి పడే వేళకు మూట దించుకుని ఎవరైనా కూర్చుంటే, ఇంటావిడ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టి "ఏ ఊరు బాబూ మీది?" అనేది. ఆ ఒక్క ప్రశ్నలోనే కులం, చుట్టరికం, ప్రయాణం పనీ అన్నీ బయటికొచ్చేవి. వాటిని బట్టే భోజనం అరుగు మీదా, వసారాలోనా, లోపల పీట మీదా అన్నది తేలేది.

అలాంటి ఇళ్లలో కెల్లా పెద్ద ఇల్లు కోనసీమలోని లంకల గన్నవరంలో ఉండేది. డొక్కా సీతమ్మగారిది. ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే తండ్రి భవానీశంకరంగారిని ఊరివాళ్లు బువ్వన్నగారనే పిలిచేవారట. గన్నవరం నుంచి పనిమీద వెళ్తున్న డొక్కా జోగన్నగారు ఓ మధ్యాహ్నం ఆకలేసి ఆ ఇంట్లో భోంచేశారనీ, ఆ ఇంటి మర్యాద, వడ్డించిన పిల్ల అణకువ ఆయనకు నచ్చాయనీ, సంబంధం అలా కుదిరిందనీ చెప్పుకుంటారు. అన్నం దగ్గర మొదలైన కాపురం అన్నంతోనే సాగింది.

గన్నవరమే ఎందుకు? కారణం గోదావరి. కోనసీమ నిండా నదీపాయలు, లంకలు. గన్నవరం వైనతేయ పాయ ఒడ్డున ఉంది. అటు వెళ్లాలన్నా ఇటు రావాలన్నా రేవు దాటాలి. పడవ దాటిపోయినా, వరదొచ్చినా, పొద్దుగూకినా ప్రయాణికుడు అక్కడే ఆగిపోవాలి. బాట ఎక్కడ తెగుతుందో సత్రం అవసరం అక్కడే పుడుతుంది. నది ఆపేసిన మనుషుల్ని సీతమ్మగారు ఇంట్లోకి పిలిచారు. అర్ధరాత్రి తలుపు కొట్టినా పొయ్యి రాజేసేవారట.

ఆవిడ గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అంతర్వేది ప్రయాణం. ఎన్నాళ్లుగానో నరసింహస్వామిని చూడాలని ఉన్నా, ఇల్లు కదిలితే వచ్చినవాళ్లకు ఎవరు పెడతారన్నది బెంగ. ఎలాగో ఒకసారి పల్లకీలో బయల్దేరారు. దారిలో ఎదురైన ఓ బృందంలో పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, పెద్దలు సముదాయిస్తున్నారు: "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది." ఆ మాట చెవిన పడగానే ఆవిడ పల్లకీని వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట చేశారట. దర్శనం సంగతి దేవుడే చూసుకోవాలి మరి!

ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం నాటి కథ ఇంకా ప్రసిద్ధం. లండన్ రమ్మని కబురొస్తే, అన్నం పెట్టడం ఆగిపోతుందని ఆవిడ ఒప్పుకోలేదట. కనీసం ఫోటో అయినా పంపకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితే, అతని పొట్టకూటి కోసం ఫోటోకు కూర్చున్నారట. ఇందులో చరిత్ర ఎంత, గోదారి జిల్లాల అభిమానం ఎంత అని వేరుచేయబోతే కోనసీమలో మనకు మంచినీళ్లు కూడా పుట్టవు. జోగన్నగారి భూముల పంటే ఆ వంటింటికి ఆధారమన్నది మాత్రం కథల్లో కొట్టుకుపోకూడదు. 1909లో ఆవిడ కన్నుమూశారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం ఆవిడ పేరు మీదే వడ్డిస్తున్నారు.

ఆవిడ బతికుండగానే, 1900లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచారు. రేవులో ఆగిన జనం స్టేషన్లలో దిగడం మొదలుపెట్టారు. సత్రాలు కూడా స్టేషన్లకు, గుళ్లకు దగ్గరగా వెలిశాయి. బెజవాడలో కన్యకాపరమేశ్వరి అన్నసత్రం, నాంపల్లి స్టేషన్ ఎదుట నిజాం నాటి సరాయి అలాంటివే. శ్రీశైలంలో కరివేన సత్రం మొదలుకొని ఏ కులానికి ఆ కులం గదులు కట్టుకుంది. మల్కాపురం శాసనంలో అందరికీ ఒకే సత్రం. ఏడు వందల ఏళ్లు ముందుకొచ్చాక సత్రం గుమ్మంలో గోత్రం అడిగారు. సత్రం కట్టుకునే స్తోమత లేని కులాల వాళ్లు చెట్టు కిందా, ప్లాట్‌ఫాం మీదా పడుకున్నారు.

ఇక్కణ్నుంచి కథ నలుదిక్కులకూ చెదిరిపోతుంది. తిరుమలలో దాతలు కట్టించిన కాటేజీలున్నాయి, గది దొరకనివాళ్లకు ఉచిత హాళ్లు, లాకర్లు ఉన్నాయి. కాశీలో ఆంధ్రాశ్రమం ఉంది. 2023 గంగా పుష్కరాలకు కాశీ గల్లీల్లో హిందీ కన్నా తెలుగే ఎక్కువ వినపడింది. యాప్‌లో చూస్తుండగానే గది రేటు మారిపోతుంది. 2022 జులైలో రోజుకు వెయ్యి రూపాయల లోపు గదికి కూడా 12 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 5 శాతానికి దించారు. గుడి ఆవరణలో ధర్మసంస్థలు ఇచ్చే చౌక గదులకు మినహాయింపు ఉంది. వీరాస్వామయ్య ఉంటే, మునక మీది పన్ను పడక మీదికొచ్చిందని రాసుకునేవాడు.

మరి పాత సత్రాల మాన్యాలేమయ్యాయి? అమరావతి సదావర్తి సత్రానికి చెన్నై శివార్లలో ఉన్న 83 ఎకరాలను 2016లో వేలం వేస్తే 22 కోట్ల చిల్లర పలికింది. వివాదం కోర్టుకెక్కి 2017లో మళ్లీ వేలం పెడితే పాట 60 కోట్లు దాటింది. ఒక్క ఏడాదిలో భూమి పెరగదు కదా. ఎన్ని సత్రాల మాన్యాలు రెండో పాట లేకుండానే చేతులు మారాయో ఎవరి లెక్క వారిదే.

ఉచిత బస ఏ కాలంలోనూ ఊరికే రాలేదు. మందడం రైతో, గన్నవరం పొలమో, తిరుమల దాతో ముందుగానే డబ్బు కట్టారు. ఆ కట్టేవాళ్లు తగ్గితే సత్రం మూతపడి, ఆ చోట లాడ్జీ లేస్తుంది. పుష్కరాలకు గది వెతుక్కునేవాళ్లు యాప్‌ల కన్నా ముందు దేవస్థానాలకు, సత్రాలకు ఫోన్ చేయండి, నాలుగు డబ్బులు మిగులుతాయి. అయితే తాళంచెవి అప్పజెప్పే ముందు, మిగిలినదాంట్లో కొంత అక్కడే ఇచ్చి రసీదు రాయించుకోండి. తర్వాతొచ్చే యాత్రికుడి బసకు అది పనికొస్తుంది.