కండెలు చుట్టిన చేతులు ఏ లెక్కలోకి వచ్చాయి?

సిరిసిల్లలో మరమగ్గాన్ని మరమగ్గం అనేవాళ్ళు తక్కువ. "సాంచ" అంటారు. మరాఠీలో సాచా అంటే మూస, అచ్చు. బొంబాయి మిల్లుల్లో మగ్గానికీ అదే పేరు. షోలాపూరు, భివండి, బొంబాయిల్లో పనిచేసి ఊరికి తిరిగెళ్ళిన మన నేతవాళ్ళే ఆ మాటను తీసుకెళ్ళారని నా నమ్మకం. యంత్రంతో పాటు మాటా ప్రయాణం చేస్తుంది. అయితే యంత్రం వచ్చాక కొన్ని మాటలు పోతాయి కూడా. ఈ వ్యాసం వాటి గురించి.

షోలాపూరులో మాది గుంట మగ్గం ఇల్లు. నేసేది నాన్న ఒక్కడే, పని మాత్రం ఇంటిల్లిపాదిదీ. ఆసు పోయడం, గంజి పెట్టడం, తెగిన పోగు అతకడం, కండెలు చుట్టడం. దేనికదే పేరు. పొద్దున్నే నాన్న నోట మొదటి మాట, "కండెలు ఐనయా?" చుట్టేది అమ్మ.

సాంచలొచ్చాక ఒక్క మనిషి నాలుగేసి మగ్గాలు చూసుకోసాగాడు. చేనేత దెబ్బతింది. అయినా సాంచలోనూ నాడె ఉంది, నాడెలో కండె ఉంది. కాబట్టి ఆడవాళ్ళ పని కొంత మిగిలింది. ఆ తర్వాత నాడె లేని మగ్గాలొచ్చాయి. వాటిలో పేక నూలు నేరుగా కోను నుంచే వెళ్తుంది. కండెతో పనే లేదు.

అలాంటి మగ్గాలకి లోన్ల కాగితాలు నా టేబుల్ మీదికే వచ్చేవి. ఫారంలో ఉపాధి అని ఒక గడి. కొత్తగా ఎంతమందికి పని దొరుకుతుందో రాయాలి. ఎంతమందికి పోతుందో రాయడానికి గడి లేదు. కండెలు చుట్టేవాళ్ళ పేర్లు ఏ మస్టరులోనూ ఉండవు గనక వాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు. నేనూ పెట్టలేదు, మా అమ్మ చేసిన పనే అయినా.

మా బ్యాంకుల సంగతి వేరు. మెషీన్ల విషయమై 1983లో యూనియన్లతో ఒప్పందం జరిగింది. 2000-01లో వీఆర్ఎస్ తీసుకుని వెళ్ళినవాళ్ళు డబ్బు తీసుకుని వెళ్ళారు. రిజిస్టరులో పేరుంది గనక బేరం కుదిరింది.

యంత్రమే చెడ్డదని నేననను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, ఆసు పోస్తూ వేలసార్లు చెయ్యి తిప్పే తల్లి కష్టం చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టి లక్ష్మి ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మొదలైందే ఆ మనిషి భుజం నొప్పి దగ్గర.

ఇప్పుడు కృత్రిమ మేధతో ఎన్ని ఉద్యోగాలు పోతాయని లెక్కలు కడుతున్నారు. జీతాల పట్టీలో ఉన్నవాళ్ళ లెక్క ఎలాగూ తేలుతుంది. పట్టీలో లేనివాళ్ళకి మన ఇళ్ళల్లోని మాటలే రికార్డు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే అడిగి చూడండి: మగ్గం చుట్టూ ఎవరెవరు ఏ పని చేసేవారు, దాన్ని ఏమనేవారు? పేరుతో సహా రాసిపెట్టండి. మా అమ్మని నేను అడగలేదు.