వెళ్ళడానికి మూడు ధాతువులు

స్పానిష్‌లో ‘వెళ్ళడం’ అనే క్రియకు నిఘంటువులో ఉన్న పేరు ‘ఈర్’. రోమన్ లిపిలో రెండే అక్షరాలు. అంతకంటే చిన్న క్రియ ఆ భాషలో లేదు. చిన్నదే కదా, ఇట్టే వచ్చేస్తుందని రూపాల పట్టిక తెరిచినవాళ్ళకు మొదటి వరుసలోనే గుటక పడదు. ‘నేను వెళ్తాను’ అంటే ‘వోయ్’. నువ్వు వెళ్తే ‘వాస్’, వాడు వెళ్తే ‘వా’. నిన్న వెళ్ళి ఉంటే ‘ఫుయి’. చిన్నప్పుడు రోజూ వెళ్తూ ఉండేవాణ్ణంటే ‘ఈబా’. రేపెప్పుడో వెళ్తానంటే ‘ఇరే’. చివరి రెండింటికీ తప్ప మిగతావాటికి ‘ఈర్’తో పేగు చుట్టరికం ఉన్నట్టే కనబడదు. (రాతలో ‘వ’ అని ఉన్నచోట స్పానిష్ నోటికి వచ్చేది మన ‘బ’కి దగ్గరి ధ్వని. టెన్నిస్ కోర్టులో నాదల్ అరిచే ‘వామోస్’ గుర్తు చేసుకోండి, అదీ ఈ కుటుంబంలోదే.)

పాఠ్యపుస్తకాలు దీనికి ‘అపక్రమ క్రియ’ అని ముద్ర వేసి, బట్టీ పట్టమని చెప్పి ఊరుకుంటాయి. అసలు సంగతి ఏమిటంటే ఇది ఒక క్రియ కాదు. మూడు లాటిన్ క్రియల్లో మిగిలిన ముక్కలు ఒకే పట్టికలో సర్దుకున్నాయి. ఏ ముక్క ఎప్పుడు, ఎందుకు వచ్చి చేరిందో చాలావరకు చెప్పవచ్చు.

మొదటిది లాటిన్ ‘ఈరె’. వెళ్ళడానికి రోమన్ల అసలు మాట అదే. సంస్కృతంలో ‘ఏతి’, ‘యంతి’ అనే రూపాలిచ్చే ‘ఇ’ ధాతువుకు ఇది స్వయానా తోబుట్టువు. లాటిన్‌లో నేను వెళ్తే ‘ఎఓ’, నువ్వు వెళ్తే ‘ఈస్’, అతను వెళ్తే ‘ఇత్’. సినిమా హాల్లో ఎర్రగా వెలిగే ఎగ్జిట్ బోర్డులో దాక్కున్నది ఆ ‘ఇత్’తో కూడిన మాటే, బయటికి వెళ్తాడు అని. ఇంత చిన్న మాటలకు పెద్ద ప్రమాదం ఉంటుంది. జనం నోళ్ళలో లాటిన్ చివరి హల్లులు అరిగిపోవడం మొదలయ్యాక ‘ఇత్’లో మిగిలేది ఒక్క ‘ఇ’. ‘ఎఓ’ పరిస్థితి మరీ అన్యాయం. ‘నేను’ అనే అర్థంలో ఉన్న ‘ఎగో’ కూడా అరిగి అరిగి ‘ఎఓ’ అయి కూర్చుంది. వింటున్నవాడికి నేనంటున్నావా, వెళ్తానంటున్నావా తెలియాలి కదా.

అప్పుడు రెండో క్రియ రంగంలోకి దిగింది, ‘వాదెరె’. విసవిసా నడిచిపోవడం, దూసుకుపోవడం దాని అర్థం. ఇంగ్లిష్ ద్వారా మనకు తెలిసిన ‘ఇన్వేడ్’లో ఉన్నది ఇదే. మాట కాస్త పొడుగు, చెవికి స్పష్టంగా తగులుతుంది. అయితే పట్టిక మొత్తాన్ని ఒక్క ఊపున ఆక్రమించలేదు. ‘ఈరె’ రూపం ఎక్కడ ఒక్క ముక్కగా బలహీనంగా ఉందో అక్కడే జొరబడింది. నాలుగో శతాబ్దం చివర బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ వాడుక దీనికి చక్కని సాక్ష్యం. ఒక్కడికి ‘వెళ్ళు’ అని చెప్పాల్సిన చోట ‘వాదె’ అంటాడు, పదిమందికి ‘వెళ్ళండి’ అనాల్సి వస్తే పాత ‘ఈతె’నే ఉంచుతాడు. పదహారు శతాబ్దాల తర్వాత స్పెయిన్‌లో తల్లి ఒక పిల్లవాడిని పొమ్మంటే ‘వే’ అంటుంది, నలుగురిని పొమ్మంటే ‘ఈద్’ అంటుంది. మొదటిది ‘వాదె’ అరుగుదల, రెండోది ‘ఈతె’ అరుగుదల. జెరోమ్ చేసిన పంపకం చెక్కుచెదరలేదు.

వర్తమానంలోనూ చాలాకాలం ఇదే వాటా నడిచింది. మధ్యయుగపు స్పానిష్‌లో నేను వెళ్తే ‘వో’, వాళ్ళు వెళ్తే ‘వాన్’. కానీ మేము వెళ్తే ‘ఇమోస్’, మీరు వెళ్తే ‘ఇదెస్’. ఏకవచనం కొత్త క్రియది, బహువచనంలో ఆ రెండూ పాతదానివి. తర్వాత ‘వామోస్’ వచ్చి ‘ఇమోస్’ను తోసేసింది. నిజానికి ఈ ‘వామోస్’ మొదట్లో ‘వెళ్తాం’ కాదు, ‘వెళ్దాం’. కోరికను, ప్రతిపాదనను చెప్పే సంభావనార్థకంలోది. ఇప్పటికీ రెండు పనులూ అదే చేస్తోంది, వెళ్తామన్నా వెళ్దామన్నా ‘వామోస్’ ఒక్కటే. నాదల్ అరుపు పాత అర్థంలోది. ఇక ‘వో’కు తోకగా ‘య్’ వచ్చి చేరి ‘వోయ్’ అయింది. ఇలాంటి తోకే ‘సోయ్’, ‘దోయ్’, ‘ఎస్తోయ్’ అనే మరో మూడు క్రియలకూ మొలిచింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దానిపై పండితులు ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నారు.

మూడో ముక్క ‘ఫుయి’ అన్నిటికంటే విచిత్రం. అది వెళ్ళడానికి సంబంధించిన క్రియే కాదు. లాటిన్‌లో ‘నేను ఉన్నాను, ఉండేవాణ్ణి’ అనడానికి భూతకాల రూపం. సంస్కృతంలో ‘భవతి’, ‘అభూత్’ ఇచ్చే ‘భూ’ ధాతువు వంశం. ఉండడం వెళ్ళడంగా ఎలా మారింది? కాశీలో ఉండి వచ్చాను అంటే కాశీ వెళ్ళినట్టే కదా. ఫలానా ఊళ్ళో ఉన్నాను అన్న మాట, ఫలానా ఊరికి వెళ్ళాను అన్న చోట సరిపోయింది. ఫలితంగా నేటి స్పానిష్‌లో ‘నేను ఉపాధ్యాయుణ్ణిగా ఉన్నాను’లోని క్రియ, ‘నేను బడికి వెళ్ళాను’లోని క్రియ అక్షరం తేడా లేకుండా ‘ఫుయి’. ఆరు రూపాలూ అంతే: ఫుయి, ఫుయిస్తే, ఫుయే, ఫుయిమోస్, ఫుయిస్తేయిస్, ఫుయెరోన్. కొత్తవాళ్ళు కంగారు పడతారు గానీ స్పానిష్‌వాళ్ళకు సందర్భం చాలు.

ఇలా ఒక ధాతువుకు లేని రూపాన్ని మరో ధాతువు పూరించడం సంస్కృతం చదివినవాళ్ళకు కొత్త కాదు. పాణిని దీన్ని ఆదేశంగా చెప్పాడు. ‘అస్’ ధాతువుకు భవిష్యత్తు కావాలంటే ‘భూ’ వచ్చి ‘భవిష్యతి’ అవుతుంది. వెళ్ళడానికి చెప్పిన ‘ఇ’ ధాతువుకే లుఙ్‌లో ‘గా’ వచ్చి ‘అగాత్’ అవుతుంది. అంటే ‘ఇ’ ధాతువు భూతకాలంలో పక్కింటి సాయం అడగడం అటు రోములోనూ ఇటు మన దగ్గరా జరిగింది. తెలుగులో ‘వచ్చాడు’, ‘రాలేదు’ చూస్తే ఇదే కథ అనిపిస్తుంది గానీ అది పైచూపు మాత్రమే. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఆ రెంటినీ తమిళ ‘వా’తో కలిపి ఒకే పద్దు కింద చూపిస్తుంది. మనది ఒకే ధాతువు రూపు మారడం, వాళ్ళది మూడు ధాతువుల కాపురం.

‘ఈబా’ మాత్రం ముసలిదైనా గట్టిది. లాటిన్ ‘ఈబామ్’ చివరి ‘మ్’ను పోగొట్టుకుని అలాగే నిలబడింది. దీని తరహా మిగతా క్రియలన్నీ మధ్యలోని ‘బ’ను జారవిడుచుకుని ‘ఈయా’ అంటుంటే ఇది వదల్లేదు. ఈ కాలంలో అపక్రమంగా ఉండే స్పానిష్ క్రియలు మొత్తం మూడే, అందులో ఇదొకటి.

భవిష్యత్తు కథ వేరు. లాటిన్‌లో ‘వెళ్తాను’కు ‘ఈబో’ అనేవారు, ‘ఇస్తాను’కు ‘దాబో’. ఈ పద్ధతికి చేటు తెచ్చింది ‘బ’, ‘వ’ ధ్వనులు కలిసిపోవడం. ‘ప్రేమిస్తాడు’ అనే ‘అమాబిత్’కూ ‘ప్రేమించాడు’ అనే ‘అమావిత్’కూ తేడా చెరిగిపోయింది. జరగబోయేదీ జరిగిపోయినదీ ఒకేలా వినిపిస్తే వ్యవహారం నడవదు. జనం వేరే దారి తొక్కారు: ‘వెళ్ళవలసి ఉంది నాకు’ అన్నట్టుగా ‘ఈరె’ పక్కన ‘కలిగి ఉండు’ అనే క్రియను చేర్చారు. ఆ జంట నలిగి ‘ఇరే’ అయింది. ఇరే, ఇరాస్, ఇరా, ఇరేమోస్, ఇరేయిస్, ఇరాన్. ‘వాళ్ళు వెళ్తారు’ అన్న చివరి రూపానికీ ఇరాన్ దేశం పేరుకూ స్పానిష్ రాతలో పెద్దక్షరం ఒక్కటే తేడా.

ఈ కొత్త భవిష్యత్తు తొలిసారి రాతకెక్కిన చోట్లలో ఒకటి కూడా పారసీకుల గొడవే కావడం తమాషా. ఏడో శతాబ్దంలో ఫ్రాంకుల దేశంలో రాసిన ఫ్రెదెగార్ వృత్తాంతంలో ఉంది. జస్టీనియన్ చక్రవర్తి పర్షియా రాజును బంధించి, నీ దగ్గరున్న రాజ్యభాగాలు తిరిగి ఇమ్మన్నాడట. రాజు ‘దాబో’ అనే పాత పద్ధతిలోనే ఇవ్వనన్నాడు. చక్రవర్తి ‘దారాస్’ అన్నాడు, అంటే ఇస్తావు. అందుకే అక్కడ దారా నగరం వెలిసిందని ముక్తాయింపు. కథ శుద్ధ కల్పన. నేటి తుర్కియేలో ఉన్న ఆ పట్టణాన్ని కట్టించింది జస్టీనియన్‌కు ముందటి అనస్తాసియస్. కానీ ఒకే సంభాషణలో ఓడినవాడి నోట పాత భవిష్యత్తు, గెలిచినవాడి నోట కొత్త భవిష్యత్తు దొరకడం భాషాశాస్త్రజ్ఞులకు పండగే.

రెండు మాటలు కలిసి ఒకటైన అతుకు చాలాకాలం కనబడుతూనే ఉండేది. పాత స్పానిష్‌లో ఆ రెంటి మధ్య ‘నన్ను’, ‘దాన్ని’ వంటి చిన్న సర్వనామాలను దూర్చేవారు. పోర్చుగీసు రాతభాషలో ఈ అలవాటు ఇంకా చావలేదు. అతుకును కనిపెట్టి వ్యాకరణంలో రాసిన తొలి పెద్దమనిషి ఆంతోనియో దె నెబ్రిహా. ఆయన కస్తీలియా భాషా వ్యాకరణం 1492 ఆగస్టులో సాలమాంకాలో అచ్చయింది. కొలంబస్ ఓడలెక్కిన నెల అదే. అప్పటికి లాటిన్ వ్యాకరణాలే వ్యాకరణాలు. రోజూ మాట్లాడుకునే భాషకు వ్యాకరణం ఎందుకని ఇసబెల్లా రాణి అడిగిందని, కొత్తగా జయించబోయే జనాలకు మన చట్టాలతోపాటు భాషా నేర్పాలి కదా అని అవిలా బిషప్ బదులిచ్చాడని నెబ్రిహాయే పీఠికలో చెప్పుకున్నాడు. క్రియారూపాల పట్టిక మీద అంత పచ్చి రాజకీయ వాంగ్మూలం మరొకటి లేదేమో.

జయించిన ఖండం నుంచే మూడున్నర శతాబ్దాలకు జవాబు వచ్చింది. కారకాస్‌లో పుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రేస్ బెయ్యో 1847లో ‘అమెరికా ఖండపు వారి వాడుక కోసం’ అని పేరులోనే చెప్పి తన వ్యాకరణం ప్రచురించాడు. లాటిన్ నుంచి అరువు తెచ్చుకున్న కాలాల పేర్లు ఆయనకు నచ్చలేదు. ‘ఈబా’ను ‘కోప్రెతేరితో’ అన్నాడు, మరో గత ఘటనకు జతగా నడిచే కాలమని. ‘వెళ్తానన్నాడు’ అన్నప్పుడు స్పానిష్‌లో వచ్చే ‘ఇరీయా’ను ‘పోస్‌ప్రెతేరితో’ అన్నాడు, గతంలో నిలబడి ముందుకు చూసే కాలమని. మెక్సికో బడుల్లో ఈనాటికీ పిల్లలు ఆ పేర్లే వల్లిస్తారు. నా మటుకు నాకు స్పానిష్ అకాడమీ వారి ‘అసంపూర్ణ భూతం’ కంటే బెయ్యో పేరే పని తెలియజెప్తుంది.

సంభావనార్థకంలో వర్తమానం ‘వాయా’, భూతం ‘ఫుయెరా’. దానికి ‘ఫుయెసే’ అనే జోడీ కూడా ఉంది, రెండూ ఒకటే. భవిష్యత్తు ‘ఫుయెరే’ మాత్రం దాదాపు పోయింది. చట్టాల్లోనూ, ఏ ఊరు వెళ్తే ఆ ఊరి తీరున నడుచుకోమనే సామెతలోనూ తప్ప వినపడదు.

పట్టిక మాత్రం ఇంకా కదులుతూనే ఉంది. పదిమందిని ‘వెళ్ళిపోండి’ అనాలంటే ‘ఈదోస్’ అనడమే స్పెయిన్‌లో పద్ధతి. జనమేమో ‘ఈరోస్’ అంటారు. తప్పు తప్పు అని ఎన్నాళ్ళు దిద్దినా మాననందుకు, 1713లో పుట్టిన స్పానిష్ అకాడమీ 2017లో దిగివచ్చి ‘ఈరోస్’ కూడా చెల్లుతుందంది. ఈ కబురు మొదట బయటపెట్టింది అకాడమీ సభ్యుడైన నవలాకారుడు పెరెస్ రెవెర్తే, అదీ ట్విట్టర్‌లో. అర్జెంటీనాలో ఇంకో వింత. అక్కడ ‘నువ్వు’కు బదులు ‘వోస్’ వాడతారు. ఆ ‘వోస్’కు ‘ఈర్’ నుంచి ఆజ్ఞారూపం రాదు. అందుకని నడవడం అనే క్రియ నుంచి ‘అందా’ను తెచ్చి వెళ్ళమంటారు. అంటే అక్కడ లెక్క నాలుగు ధాతువులు.

అన్నిటికంటే పెద్ద మార్పు మళ్ళీ భవిష్యత్తులోనే. రోజువారీ మాటల్లో, ముఖ్యంగా లాటిన్ అమెరికాలో, ‘ఇరే’ వినపడటం తగ్గింది. దాని బదులు ‘వోయ్ ఆ’ అని మొదలుపెట్టి పక్కన ఏ క్రియ కావాలంటే అది తగిలిస్తారు. తినబోతున్నాను, చదవబోతున్నాను అన్నట్టు. ‘వెళ్ళబోతున్నాను’ అంటే ‘వోయ్ ఆ ఈర్’. వెళ్ళడం రెండుసార్లు వచ్చిందే అని మనం నవ్వక్కర్లేదు. మన ‘వెళ్ళబోతున్నాను’లోని ‘బోతున్నాను’ సాక్షాత్తు ‘పోతున్నాను’. పోవడాన్ని భవిష్యత్తుకు గుర్తుగా వాడుకోవడం ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు విడివిడిగా చేసిన పని.

అమెరికా బడుల్లో రెండో భాషగా స్పానిష్ తీసుకున్న తెలుగు పిల్లలకూ, వాళ్ళ హోంవర్కు పట్టికలు చూసి బెంబేలెత్తే అమ్మానాన్నలకూ ఒక మాట. ముందు ‘వోయ్, వాస్, వా, వామోస్, వాన్’ నోటికి రానివ్వండి. దానికి ‘ఆ’ చేరిస్తే భవిష్యత్తు చేతికొచ్చినట్టే. ఆ తర్వాత ‘ఫుయి’ వరుస నేర్చుకుంటే ఒక్క ఖర్చుతో రెండు క్రియల భూతకాలం వస్తుంది. ‘ఈబా’, ‘ఇరే’ తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. ‘ఫుయెరే’ను మాత్రం స్పెయిన్ వకీళ్ళకు వదిలేయండి.