పునర్బలనపు పుట్టుపూర్వోత్తరములు

మనోవిజ్ఞాన పరీక్షకు కూర్చొను విద్యార్థులు శాస్త్రీయ నిబంధనమును, కార్యసాధక నిబంధనమును వేర్వేరుగా బాగుగనే వర్ణింతురు గాని, రెంటియందును గల పునర్బలన మొక్కటేనా యని అడిగినచో తడబడుదురు. ఆ తడబాటు వారి దోషము కాదు. రెండు దేశములలో, రెండు ప్రయోజనములకై పుట్టిన విషయము పాఠ్యగ్రంథములలో ఒకే శీర్షిక క్రింద చేరినది.

సెంట్ పీటర్స్‌బర్గులో జీర్ణక్రియను పరిశోధించి 1904లో నోబెల్ బహుమానము నందుకొనిన ఇవాన్ పావ్లోవ్ శరీరధర్మ శాస్త్రవేత్త. కుక్క లాలాజల నాళమును చెక్కిలి వెలుపలికి త్రిప్పి బొట్టుబొట్టును కొలుచుచుండగా, ఆహారము నోట పడకమున్నే, కంటబడినంతనే, లాలాజల మూరుట ఆయన లెక్కలకు అడ్డుతగిలెను; ఆ అడ్డంకినే ఆయన పరిశోధనాంశముగా గైకొనెను. మెట్రోనోమ్ చప్పుడు వెంట ఆహారము నందించుచు పలుమార్లు జతపరచగా, తుదకు చప్పుడొక్కటే లాలాజలమును రప్పించెను. ఇదియే శాస్త్రీయ నిబంధనము; చప్పుడునకు ఆహారమును తోడు చేయుటయే ఇచ్చట పునర్బలనము. తోడు తొలగినచో ప్రతిస్పందన క్రమముగా విలుప్తమై, కొంత విశ్రాంతి పిమ్మట మరల తలయెత్తును. దీనినే అయత్నసిద్ధ స్వాస్థ్య మందురు. గట్టిగా పట్టుకొనవలసిన దొకటి కలదు: కుక్క లాలాజలమును స్రవించినను, స్రవింపకున్నను ఆహారము వచ్చితీరును.

అమెరికాలో థార్న్‌డైక్ 1898లో ప్రకటించిన ప్రయోగములలో అట్లు కాదు. పెట్టెలో చిక్కిన ఆకలిపిల్లి గీరి, కొరికి, యాదృచ్ఛికముగా గడియ నూడదీసిననే ఆహారమును జేరును. తృప్తి నిచ్చిన చేష్ట స్థిరపడు నను ఆయన ఫలితనియమము నుండియే రెండవ ధారయగు కార్యసాధక నిబంధనము బయలుదేరినది.

హార్వర్డులో బి. ఎఫ్. స్కిన్నర్ తృప్తి యను అగోచర భావమును విడిచి, చేష్ట మరల జరుగు జోరును పెంచునది యేదో అదియే పునర్బలక మనెను. పావ్లోవ్ పద్ధతిలో పునర్బలనము ఉద్దీపనతోను, తన పద్ధతిలో ప్రతిస్పందనతోను ముడిపడునని 1938 నాటి గ్రంథమున స్పష్టముగా వేరుపరచెను. ఎలుక మీట నొక్కినచో ఆహారపు గుళిక పడును, నొక్కకున్న లేదు.

ఆ గుళికలను ఆయన మాత్రలు చేయు యంత్రముతో స్వయముగా తయారుచేసికొనెడివాడు. ఎనిమిది ఎలుకలు దినమునకు నూరేసి తినుచుండగా, ఒక శనివారము అపరాహ్ణమున నిల్వ చూచుకొని, ఆ పూటంతయు యంత్రము కడ కూర్చొననిదే సోమవారము ఉదయమునకు గుళికలు నిండుకొనునని గ్రహించి, ప్రతి నొక్కునకు గాక నిమిషమున కొక్క గుళిక చాలునని నిశ్చయించెను. ఎలుకలు మానలేదు సరికదా, నిలకడగా నొక్కుచునే యుండెను! సిద్ధాంతములకంటె ఈ గుళికల కొరతయే శాస్త్రమునకు ఎక్కువ మేలు చేసినదని నా నమ్మకము; స్థిరకాల, చరకాల, స్థిరనిష్పత్తి, చరనిష్పత్తి పద్ధతులను గూర్చి ఫెర్‌స్టర్‌తో కలసి 1957లో వెలువరించిన బృహద్గ్రంథమునకు బీజ మిచ్చటనే పడినది.

ఇక మిక్కిలి మార్కులు పోవు చోటు ఋణాత్మక పునర్బలనము. కాలి క్రింది విద్యుద్ఘాతము మీట నొక్కినంతనే ఆగినచో ఎలుక మరింతగా నొక్కును. బాధను తొలగించి చేష్టను పెంచినది గనుక అది పునర్బలనమే. మీట నొక్కినందులకే ఘాతము తగిలినచో నొక్కుట తగ్గును, అది శిక్ష.